మన్యం పండ్లు వృథా కాకుండా: అరకు, పాడేరు కొండల్లో అరుదైన పండ్ల కోత, తినుబండారాల తయారీ, జాగ్రత్తలు

అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామాల్లో మే, జూన్ నెలల్లో తిరిగితే పనస చెట్ల కింద పండి రాలిన కాయలు ఈగలు ముసిరి కుళ్లిపోతూ కనిపిస్తాయి. అదే నెలల్లో పట్నం బజారులో పనస తొనలు లెక్కపెట్టి అమ్ముతారు. సీతాఫలాల కాలంలోనూ ఇంతే. పొద్దున్నే గంపలతో సంతకు తెచ్చిన కాయలు మర్నాటికి మెత్తబడతాయని కొనేవారికి తెలుసు. అందుకే మధ్యాహ్నం దాకా బేరం సాగదీస్తారు. కావడి మోసి వచ్చినవారు మళ్లీ కొండెక్కించలేక చెప్పిన ధరకే ఇచ్చి వెళ్తారు.

మరోపక్క స్ట్రాబెర్రీ, అవకాడో, పాషన్ ఫ్రూట్, డ్రాగన్ ఫ్రూట్ వంటి కొత్త పండ్ల గురించి రైతులు ఎక్కువగా అడుగుతున్నారు. అరకు, లంబసింగి, వంజంగి చూడటానికి వచ్చే పర్యాటకులు కొత్త రుచులను కోరుకుంటున్నారు కాబట్టి ఈ ఆసక్తి సహజమే. అయితే కొత్త మొక్క నాటే ముందు, ఇప్పటికే ఉన్న చెట్టు పండు ఎక్కడ నష్టపోతోందో చూసుకోవాలి. పాత పండైనా కొత్త పండైనా లాభనష్టాలు ఎక్కువగా తేలేది కోత తర్వాతి రెండు మూడు రోజుల్లోనే. ఆ రోజులను ఎలా వాడుకోవాలో, ఏ పండుతో ఏ తినుబండారం చేయవచ్చో, ఎక్కడ ప్రమాదం ఉందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందుగా తెలుసుకోవలసిన రెండు విషయాలు

మొదటిది, కోశాక పండు మాగుతుందా లేదా అన్నది. పనస, సీతాఫలం, మామిడి, అవకాడో కోసిన తర్వాత కూడా మాగుతాయి. వీటిని పక్వానికి వచ్చిన కాయగా కోసి దూరం పంపవచ్చు. స్ట్రాబెర్రీ, అనాస, లిచీ కోశాక తీపి పెరగదు. రంగు మారినా రుచి కోసిన నాటిదే. వీటిని పచ్చిగా కోసి పంపితే కొన్నవారు రెండోసారి కొనరు.

రెండోది, పండు ఎన్ని రోజులు నిలుస్తుందన్నది. శీతల సదుపాయం లేని ఇంట్లో సుమారు లెక్క ఇలా ఉంటుంది. ఎండ, వానలను బట్టి ఇందులో తేడాలు ఉంటాయి.

- స్ట్రాబెర్రీ: 1 నుంచి 2 రోజులు
- మాగిన సీతాఫలం: 1 నుంచి 2 రోజులు; గట్టి కాయ మాగడానికి 2 నుంచి 4 రోజులు
- మాగిన పనస: 2 నుంచి 4 రోజులు, కోసిన తొనలు ఆ రోజుకే
- లిచీ: 2 నుంచి 3 రోజుల్లో తొక్క గోధుమ రంగుకు మారుతుంది
- అనాస, పాషన్ ఫ్రూట్: సుమారు వారం
- అవకాడో: గట్టి కాయ మాగడానికి సుమారు 5 నుంచి 10 రోజులు

తక్కువ రోజులు నిలిచే పండును దగ్గరలోనే అమ్మాలి, లేదా ఆ రోజే మరో రూపంలోకి మార్చాలి. ఎక్కువ రోజులు నిలిచే పండుకు దూరపు మార్కెట్ వెతకవచ్చు. ఏ పండు మీద ఖర్చు పెట్టాలన్నా ఈ లెక్క ముందు వేసుకోవాలి.

పనస: ఒకే చెట్టు, మూడు పంటలు

మన్యంలో పనస చెట్టు లేని ఊరు అరుదు. కాఫీ తోటల్లో నీడ చెట్టుగా, మిరియాల తీగకు ఆధారంగా కూడా ఉంటుంది. పెట్టుబడి లేని ఈ పంటలో నష్టమంతా అన్ని కాయలనూ పండే దాకా వదిలేయడం వల్లనే వస్తోంది. చెట్టును మూడు దశల్లో వాడుకోవాలి.

లేత కాయ: గింజ గట్టిపడక ముందే, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోయాలి. పనసపొట్టు కూర కోస్తా జిల్లాల్లో పెళ్లి భోజనాల్లో ఉండే వంటకం. కాయ చెక్కి, పొట్టుగా కొట్టడానికి పట్నంలో ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి కొట్టిన పొట్టుకే గిరాకీ. గుత్తిగా పట్టిన చోట రెండు మూడు లేత కాయలు తీసేస్తే మిగిలినవి బాగా ఊరతాయి. కొట్టిన పొట్టు గాలికి నల్లబడుతుంది కాబట్టి కోసిన రోజే అమ్మేలా ముందు ఆర్డరు తీసుకుని కొట్టాలి. చేతికి, కత్తికి నూనె రాసుకుంటే జిగురు అంటదు.

ముదిరిన పచ్చికాయ: తొన గట్టిగా, ఇంకా తీపి ఎక్కని దశ. చిప్స్‌కు ఇదే సరైనది. గింజ తీసిన తొనలను ఒకే మందంలో సన్నగా నిలువుగా కోసి, కాగిన నూనెలో కరకరలాడే వరకు వేయించాలి. పొంగు తగ్గే ముందు కొద్దిగా ఉప్పునీళ్లు చిలకరిస్తే ఉప్పు సమంగా పడుతుంది. పూర్తిగా చల్లారాకే గాలి చొరని ప్యాకెట్లలో నింపాలి. వేడిగా నింపితే లోపల చెమ్మ చేరి మెత్తబడతాయి. ఒకే నూనెను పదేపదే కాచి వాడితే చిప్స్ త్వరగా కంపు కొడతాయి, ఆరోగ్యానికీ మంచిది కాదు. కేరళ ప్రభుత్వం 2018 మార్చిలో పనసను రాష్ట్ర ఫలంగా ప్రకటించింది. అక్కడ చిప్స్, తాండ్ర, ఎండు తొనలు ఇంటింటి ఉపాధిగా నిలబడ్డాయి.

పండు: తడితే బోలు శబ్దం రావడం, ముళ్లు విచ్చుకుని మొద్దుబారడం, తొడిమ దగ్గరి ఆకు పసుపు రంగుకు మారడం పక్వానికి గుర్తులు. వాసన వచ్చే దాకా చెట్టు మీదే ఉంచితే రవాణాకు పనికిరాదు. తాడు కట్టి దింపాలి. కింద పడి దెబ్బ తగిలిన చోటే కుళ్లు మొదలవుతుంది.

పనసలో తినదగిన తొనలు పండు బరువులో సుమారు మూడో వంతే. అంటే 10 కిలోల పండు నుంచి 3 కిలోల చొప్పున తొనలు వస్తాయి. వాటిని ఎండబెడితే కిలోలోపే మిగులుతుంది. ధర నిర్ణయించేటప్పుడు ఈ తరుగు, కట్టెలు, నూనె, కూలి అన్నీ కలపాలి. గింజలను పారేయకూడదు. ఉడికించి, కాల్చి తినవచ్చు, కూరల్లో వాడవచ్చు. కడిగి ఆరబెట్టిన పిక్కలను కిలోల లెక్కన అమ్ముకోవచ్చు.

పనస తాండ్ర

విజయనగరం జిల్లా ఎల్.కోట మండలంలోని భీమాళి మామిడి తాండ్రకు పేరున్న ఊరు. ఘాట్ దిగి శృంగవరపుకోట చేరితే అక్కడికి దగ్గరే. పల్చని పొర పోసి, ఎండాక దానిమీద మరో పొర పోసే ఆ పద్ధతి పనసకూ సరిపోతుంది. మెత్తని తొనల రకం తాండ్రకు, గట్టి తొనల రకం నేరుగా తినడానికి, చిప్స్‌కు బాగుంటాయి.

గింజ తీసిన తొనలను కొద్ది నీళ్లతో ఉడికించి, మెత్తగా రుబ్బి, పీచు పోయేలా వడకట్టాలి. కిలో గుజ్జుకు 150 నుంచి 200 గ్రాముల బెల్లం లేదా పంచదార, ఒక నిమ్మకాయ రసం కలపాలి. నెయ్యి రాసిన పళ్లేల్లో అర సెంటీమీటరుకు మించకుండా పోసి ఎండబెట్టాలి. వేలితో తాకితే అంటనప్పుడు పై పొర పోయాలి. పైన పల్చని గుడ్డ లేదా దోమతెర కప్పి ఈగలు వాలకుండా చూడాలి.

ఇక్కడ మన్యం రైతులకు ఒక చిక్కు ఉంది. పనస బాగా పండే జూన్‌లోనే వానలు మొదలవుతాయి. ఎండ చాలని రోజుల్లో పోసిన తాండ్ర బూజు పడుతుంది. మే నెలలో పండే చెట్లను గుర్తించి వాటినే తాండ్రకు కేటాయించాలి. జూన్ పండును తొనలుగా అమ్మడం మంచిది. సంఘంగా చేసేవారు సోలార్ డ్రయ్యర్ గురించి ఆలోచించవచ్చు. బూజు పట్టిన పొరను గీకేసి మిగతాది అమ్మకూడదు.

సీతాఫలం: కళ్లు చూసి కోత, వేడి లేకుండా గుజ్జు

కాయ మీది కళ్ల మధ్య గాళ్లు వెడల్పై, లేత పసుపు లేదా మీగడ రంగుకు మారినప్పుడు కోయాలి. తొందరపడి కోస్తే కాయ మాగక నల్లబడి గట్టిపడుతుంది. ఆలస్యమైతే చెట్టు మీదే పగిలి చీమలు పడతాయి. చిన్న తొడిమ ఉంచి కత్తెరతో కోయాలి. గంప అడుగున, వరుసల మధ్య ఆకులు పరచాలి. గంపలో అడుగు కాయలు నలగకుండా రెండు మూడు వరుసలకు మించకూడదు. పిండినల్లి ఆశించిన కాయలను వేరు చేయాలి. చెట్టు కింద రాలి ఎండిన కాయలను ఏరి కాల్చేస్తే పురుగు, తెగులు మరుసటి ఏడాదికి తగ్గుతాయి.

సీతాఫలం గుజ్జును ఉడికించకూడదు. సుమారు 55 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే చేదు వస్తుంది. అందుకే దీనితో జామ్, తాండ్ర చేయబోయినవారు నష్టపోతుంటారు. గుజ్జును శుభ్రమైన చేతులతో, గింజ నలగకుండా తీసి, వెంటనే మైనస్ 18 డిగ్రీల వద్ద గడ్డకట్టిస్తేనే నిలుస్తుంది. ఐస్‌క్రీమ్ తయారీదారులకు కావలసింది ఈ గుజ్జే. డీప్ ఫ్రీజర్, ఆగని కరెంటు, చల్లగా తీసుకెళ్లే వాహనం లేనిచోట గుజ్జు జోలికి పోకుండా పండుగానే అమ్మాలి.

సీతాఫలం గింజలు విషపూరితం. పండు తింటూ పొరపాటున మింగిన గింజ సాధారణంగా అలాగే బయటకు పోతుంది, కానీ నలిగితే హానికరం. గింజలతో సహా మిక్సీలో వేసి జ్యూస్ తీయకూడదు. పేల కోసం గింజల పొడి తలకు పట్టించే అలవాటు ఊళ్లలో ఇంకా ఉంది. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. పడితే ఎక్కువ నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

స్ట్రాబెర్రీ: చలే పెట్టుబడి

చింతపల్లి మండలం లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. శీతాకాలంలో ఇక్కడ ఉష్ణోగ్రత కొన్ని రోజులు సున్నా దగ్గరికి దిగుతుంది. ఈ చలిలో చిన్న కమతాల్లో స్ట్రాబెర్రీ పండిస్తున్నారు. సెప్టెంబరు, అక్టోబరులలో ఎత్తైన మడులపై నాటితే డిసెంబరు నుంచి మార్చి వరకు కోతలు వస్తాయి. పర్యాటకులు ఎక్కువగా వచ్చేదీ ఆ నెలల్లోనే. రెండు రోజులు కూడా నిలవని ఈ పండు ఇక్కడ నిలదొక్కుకోవడానికి అసలు కారణం, కొనేవారు తోట దగ్గరికే రావడం. రోడ్డుకు, పర్యాటక ప్రాంతానికి దూరంగా ఉన్న ఊళ్లో ఇదే పంట వేస్తే లెక్క మారిపోతుంది.

మల్చింగ్ షీటు లేదా గడ్డి పరిస్తే పండు మట్టికి తగలదు. పొద్దున్నే మంచు ఆరాక, పచ్చని తొడిమతో కోయాలి. అక్కడే అమ్మేదైతే పూర్తిగా ఎర్రబడ్డాక, విశాఖపట్నం పంపేదైతే మూడొంతులు ఎర్రబడ్డాక కోయాలి. కడిగి ప్యాక్ చేస్తే తడికి త్వరగా బూజు పడుతుంది కాబట్టి తినేముందు కడుక్కోమని చెప్పాలి. తోటలోనే కోసి తినమని పర్యాటకులను ఆహ్వానించేవారు, మందు కొట్టాక లేబుల్ మీద రాసిన గడువు ముగిసే దాకా ఎవరినీ కోయనివ్వకూడదు.

మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ తాజా పండుతో పాటు క్రీమ్ కలిపిన స్ట్రాబెర్రీ, జామ్, సిరప్ అమ్ముతారు. మన దగ్గరా ఆకారం సరిగా లేని చిన్న పండ్లను జామ్‌కు వాడుకోవచ్చు. దెబ్బతిన్నవి, బూజు తగిలినవి మాత్రం పనికిరావు. క్రీమ్ కలిపి అమ్మేవారు ఐస్ పెట్టెలో ఉంచి, అడిగినప్పుడే కలిపి ఇవ్వాలి.

అనాస: కొమ్మకు ఒక్కటే, కాబట్టి ఆగాలి

సీతంపేట ప్రాంతం నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి వరకు కొండ వాలుల్లో అనాస పండుతుంది. అన్ని తోటలూ ఒకేసారి కోతకు రావడంతో ధర పడిపోతుంది. అడుగు వరుసల కళ్లు పసుపు రంగుకు తిరిగాక కోస్తే తీపి బాగుంటుంది. దూరం పంపేదైనా పూర్తి పచ్చిది కోయకూడదు. మిగిలిపోయిన పండ్లను చక్రాలుగా కోసి ఎండబెట్టవచ్చు, స్క్వాష్ చేయవచ్చు. రోడ్డు పక్కన ముక్కలు కోసి అమ్మేవారు మూత ఉన్న డబ్బా, కాచి చల్లార్చిన నీళ్లు, విడిగా కత్తి పెట్టుకోవాలి.

కొత్త పండ్లు: కొద్ది మొక్కలతో మొదలు

అవకాడో: కర్ణాటకలోని కొడగు, కేరళలోని వయనాడ్ కాఫీ తోటల్లో అంతర పంటగా ఉంది. మన్యం కాఫీ తోటల్లో అంచుల వెంట, ఎండ తగిలే ఖాళీల్లో ప్రయత్నించవచ్చు. నీరు నిలిస్తే వేరుకుళ్లు వచ్చి చెట్టు చనిపోతుంది కాబట్టి వాలు నేల మంచిది. చలిగాలి దిగి నిలిచే పల్లపు చోట్ల లేత మొక్కలు మంచుకు మాడిపోతాయి. పువ్వు ఆడ, మగ దశలు వేర్వేరు పూటల్లో విచ్చుకుంటాయి. కాబట్టి ఏ, బి అనే రెండు పూత రకాల మొక్కలూ కలిపి నాటితే కాపు బాగుంటుంది. విత్తనపు మొక్క కాపుకు చాలా ఏళ్లు పడుతుంది, పండు గుణమూ నమ్మలేం. అంటు మొక్కలే తీసుకోవాలి.

పాషన్ ఫ్రూట్: పందిరి మీద అల్లే తీగ. ఏడాదిలోపే కాపు మొదలవుతుంది, కొన్నేళ్లకే తీగ ముదిరిపోతుంది. మాగిన కాయ రాలిపడుతుంది, తొక్క కొద్దిగా ముడతపడ్డాక తీపి పెరుగుతుంది. గుజ్జులో నీళ్లు, బెల్లం కలిపితే మంచి పానీయం. ముదరని కాయలో సయనైడ్ విడుదల చేసే పదార్థాలు ఉంటాయి కాబట్టి పచ్చికాయ తినకూడదు.

లిచీ: చింతపల్లి ప్రాంతంలో అక్కడక్కడ చెట్లున్నాయి. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో పిల్లల మరణాలపై 2014లో జరిపిన పరిశోధన ఒక విషయం తేల్చింది. రాత్రి భోజనం చేయకుండా లిచీలు, ముఖ్యంగా పచ్చివి, ఎక్కువగా తిన్న పిల్లల్లో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. పోషణ తక్కువగా ఉన్న పిల్లలకు ముప్పు ఎక్కువ. తోటలున్న ఊళ్లలో పిల్లలకు రాత్రి తప్పక అన్నం పెట్టాలి. పరగడుపున లిచీలు, రాలిన పచ్చికాయలు తిననివ్వకూడదు.

డ్రాగన్ ఫ్రూట్: స్తంభాలు, చక్రాలు, మొక్కలకు మొదటే పెద్ద ఖర్చవుతుంది. ఎండ బాగా కావాలి, నీడ తోటకు పనికిరాదు. అప్పు చేసి ఎకరం వేసే ముందు ఇంటి దగ్గర నాలుగైదు స్తంభాలతో చూసుకోవాలి.

అడవి పండ్లు: చెట్టు నిలిస్తేనే పంట

నేరేడు, తునికి, మొర్రి, ఈత, పరికి, వెలగ, ఉసిరి మన్యం పిల్లలకు తెలిసిన రుచులే. పట్నంవారికి ఇవే అరుదైన పండ్లు. మన్యంలో కొత్త పండుగ చేసి, దేవతకు పెట్టాకే ఆ ఏడు కొత్త మామిడి, కొత్త కంది తినే ఆచారం ఉంది. కాయ ముదిరే దాకా ఆగడం ఈ ఆచారంలోనే ఉంది. ఇప్పుడు పోటీపడి పచ్చికాయలు దూయడం, కొమ్మలు నరకడం వల్ల మొర్రి, ఉసిరి చెట్లు తగ్గిపోతున్నాయి. మొర్రి పండులోని సారపప్పుకు పండు కంటే ఎక్కువ ధర ఉంటుంది. పచ్చిగా కోస్తే పప్పు ఊరదు. ఊరంతా కలిసి కోత తేదీ పెట్టుకోవడం, కొమ్మ నరకకుండా దులపడం, ప్రతి చెట్టుకూ కొన్ని పండ్లు వదిలేయడం ముగ్గురికీ మేలు: చెట్టుకు, పిట్టకు, వచ్చే ఏటి పంటకు.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సంప్రదాయంగా సేకరిస్తున్న చిన్న తరహా అటవీ ఫలసాయంపై గిరిజనులకు హక్కు ఉంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ పలు అటవీ ఉత్పత్తులను కొంటుంది. సంతకు వెళ్లే ముందు సంస్థ ధర కనుక్కుంటే బేరానికి ఆధారం ఉంటుంది.

మామిడి టెంక అంబలి: ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్త

తిండి గింజలు తగ్గే వానాకాలానికి మామిడి టెంకలు దాచుకుని, లోపలి జీడిని దంచి, వగరు పోయేలా నీళ్లలో నానబెట్టి కడిగి, పిండి చేసి అంబలి కాచుకోవడం తూర్పు కనుమల్లో పాత అలవాటు. శుభ్రంగా ఎండబెట్టినది ఆహారమే. తడి తగిలి బూజు పట్టినది విషం. ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2001లో, కందమాల్ జిల్లాలో 2024 చివర్లో ఇలాంటి అంబలి తాగినవారిలో మరణాలు సంభవించాయి.

- టెంకలను పచ్చి మీద కుప్ప పోయకుండా అదే రోజు కడిగి ఎండలో వేయాలి.
- జీడి విరిస్తే పుటుక్కుమనేంతగా ఎండాకే, నేలకు ఎత్తుగా, గాలి తగిలేలా నిల్వ చేయాలి.
- నల్లబడిన, బూజు వాసన వచ్చే జీడిని కడిగినా, ఉడికించినా విషం పోదు. పశువులకు కూడా పెట్టకుండా పూడ్చేయాలి.
- కాచిన అంబలిని రోజుల తరబడి ఉంచుకుని తాగకూడదు.
- తాగాక వాంతులు, విరేచనాలు, మగత కనిపిస్తే నాటు వైద్యంతో ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి.

ఇంట్లో బియ్యం, రాగులు నిండుకుని పాడైన టెంకలే దిక్కయ్యే పరిస్థితి ఉంటే అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తకు, సచివాలయానికి వెంటనే తెలియజేయాలి.

కొత్త పండు తినేవారికి

- పేరు, గుణం తెలియని అడవి కాయను రుచి చూడకూడదు. పిట్టలు తింటున్నాయి కాబట్టి మనకూ మంచిదే అనుకోవడం పొరపాటు.
- కంచెల్లో పెరిగే అడవి ఆముదం గింజలు పప్పులా తియ్యగా ఉంటాయి. పిల్లలు తిని ఆసుపత్రుల పాలవుతుంటారు. బడి చుట్టూ ఈ మొక్కలను తొలగించాలి.
- గబ్బిలాలు, పిట్టలు కొరికిన పండ్లు తినకూడదు, జ్యూస్‌కు వాడకూడదు.
- మూత్రపిండాల జబ్బు ఉన్నవారు స్ట్రార్ ఫ్రూట్ ముక్క కూడా తినకూడదు. అది మెదడుపై ప్రభావం చూపి ప్రాణం మీదికి తెస్తుంది. ఉద్దానం వంటి ప్రాంతాల నుంచి వచ్చే పర్యాటకులకు అమ్మేవారే ఈ మాట చెప్పాలి.
- కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం చట్టరీత్యా నిషేధం. గడ్డిలో మాగబెట్టిన పండుకే మంచి పేరు.

అమ్మకానికి తయారు చేసేటప్పుడు

ఇంట్లో తినడానికి చేసేది వేరు, సీలు వేసి అమ్మేది వేరు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం జామ్‌లో కనీసం 45 శాతం పండు ఉండాలి. స్ట్రాబెర్రీ జామ్‌కు 25 శాతం చాలు. కరిగిన ఘన పదార్థం 65 శాతానికి తగ్గకూడదు. స్క్వాష్‌లో పండు రసం కనీసం 25 శాతం, ఘన పదార్థం 40 శాతం ఉండాలి. ఘన పదార్థాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరు ఒకటి సంఘానికి ఉంటే చాలు.

స్ట్రాబెర్రీలో గడ్డకట్టే గుణం తక్కువ కాబట్టి నిమ్మరసం, అవసరమైతే పెక్టిన్ కలపాలి. అనాస స్క్వాష్‌కు పొటాషియం మెటాబైసల్ఫైట్‌ను కిలోకు 0.6 గ్రాములు మించకుండా వాడతారు. నేరేడు వంటి ముదురు రంగు రసాల్లో అది రంగును పోగొడుతుంది, అందుకే సోడియం బెంజోయేట్ వాడతారు. ఈ మందులను కంటి అంచనాతో వేయకూడదు. శిక్షణ పొందాక, గ్రాముల తూకంతోనే కలపాలి. ఏది కలిపినా లేబుల్‌పై రాయాలి, ఎందుకంటే సల్ఫైట్ కొందరు ఉబ్బసం రోగులకు పడదు.

సీసాలు మరిగే నీళ్లలో ఉంచి తీయాలి. పండ్లు కడిగే నీళ్లు తాగే నీళ్లే అయి ఉండాలి. లేబుల్‌పై పదార్థం పేరు, కలిపినవి, నికర బరువు, తయారీ తేదీ, వాడకం గడువు, ధర, చిరునామా, శాకాహార గుర్తు, ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. చిన్న తయారీదారులకు ప్రాథమిక రిజిస్ట్రేషన్ తక్కువ రుసుముతో దొరుకుతుంది.

ఎవరిని అడగాలి

మొక్కలు, తెగుళ్లకు రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకులను, చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని, రంపచోడవరం వైపు వారు పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానాన్ని సంప్రదించవచ్చు. కాఫీలో అంతర పంటల గురించి ఆర్.వి.నగర్‌లోని కాఫీ పరిశోధన కేంద్రం సలహా ఇస్తుంది. పథకాల కోసం పాడేరు ఐటీడీఏను అడగాలి. వన్ ధన్ వికాస కేంద్రం సుమారు 300 మంది సేకరణదారులతో ఏర్పడుతుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రుణంతో ముడిపడిన రాయితీ ఉంది. పొదుపు సంఘ సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల వరకు తొలి పెట్టుబడి సాయం ఉంది. దరఖాస్తుకు ముందు ప్రస్తుత నిబంధనలు కనుక్కోవాలి.

మొదటి ఏడాది ఇలా మొదలుపెట్టండి

1. మీ ఊళ్లో పనస, సీతాఫలం, నేరేడు, ఉసిరి చెట్లు ఎన్ని ఉన్నాయో, ఏ చెట్టు ఏ నెలలో పండుతుందో, తొన గట్టిదో మెత్తనిదో రాసుకోండి.
2. గత ఏడాది ఎన్ని గంపలు అమ్మారు, ఎన్ని పారేశారు అన్నది సంఘంలో కూర్చుని లెక్కవేయండి.
3. ఎక్కువగా పారేసిన ఒక్క పండును, దానితో ఒక్క తినుబండారాన్ని ఎంచుకోండి.
4. 10 కిలోలతో చేసి, తరుగు, ఖర్చు, పట్టిన సమయం నమోదు చేయండి. నెల తర్వాత విప్పి రుచి, బూజు చూడండి.
5. అది నిలిచాకే రిజిస్ట్రేషన్, లేబుల్ సిద్ధం చేసుకుని రోడ్డు పక్క దుకాణం, హోటల్, సంతల్లో అమ్మకానికి పెట్టండి.
6. కొత్త పండు మొక్కలు నాటదలిస్తే నాలుగైదు మాత్రమే నాటి రెండు చలికాలాలు చూడండి.

పనసపొట్టుకు ఫిబ్రవరి, తాండ్రకు మే, సీతాఫలానికి వానలు తగ్గే నెలలు, స్ట్రాబెర్రీ నాటడానికి సెప్టెంబరు అనువైన కాలాలు. కొనేవారిని, సీసాలను, ప్యాకెట్లను కోతకు కనీసం నెల ముందే కుదుర్చుకుంటే సంతలో మధ్యాహ్నపు బేరానికి తలవంచనక్కరలేదు.